మనల్ని ఏలుతున్న గుణం ఏది?



కొత్తవాళ్లు ఎవరైనా పరిచయమైతే పేరు, ఊరు, చేసే పని, పిల్లల చదువులు చెప్పుకుంటాం. వాటితో ఎదుటివారికి మన గురించి కొంత తెలుస్తుంది. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా మన మనసు ఎక్కువసేపు ఏ స్థితిలో ఉంటోందో మాత్రం ఆ వివరాల్లో ఎక్కడా ఉండదు. అది మనల్ని ఎవరూ అడగరు. మనల్ని మనమూ అడగం. జీవితం బాగా గడిచిందా లేదా అన్నది చివరికి తేలేది మాత్రం ఆ ఒక్క విషయం మీదే. ఈ పూట దాని గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

మన పెద్దలు ఈ ప్రశ్నకు ఒక కొలమానం ఇచ్చి వెళ్లారు. అదే సత్వం, రజస్సు, తమస్సు అనే మూడు గుణాలు. ఈ పేర్లు మనకు కొత్తవి కావు. "ఆయన చాలా సాత్వికుడండీ" అని వాడుకగా అంటూనే ఉంటాం. అయితే ఆ మాటను ఎప్పుడూ ఎదుటివారి మీదే వాడతాం. భగవద్గీత పద్నాలుగో అధ్యాయం, గుణత్రయ విభాగ యోగం, ఇరవై ఏడు శ్లోకాల చిన్న అధ్యాయం. దాన్ని ఒకసారి నెమ్మదిగా చదివితే తెలుస్తుంది, అది పక్కింటివారిని తూచడానికి చెప్పింది కాదని. ఎవరిని వారు చూసుకోవడానికి చెప్పిన అధ్యాయం అది.

ముందుగా ఈ గుణాల సంగతి స్థూలంగా చూద్దాం. సాంఖ్య దర్శనం మాటలో సత్వం తేలికైనది, వెలుగునిచ్చేది. రజస్సు కదిలేది, కదిలించేది. తమస్సు బరువైనది, కప్పివేసేది. సాంఖ్యకారిక రాసిన ఈశ్వరకృష్ణుడు ఈ మూడింటినీ దీపంతో పోల్చాడు. వత్తి వేరు, నూనె వేరు, మంట వేరు. దేని స్వభావం దానిదే అయినా మూడూ కలిస్తేనే వెలుతురు. అలాగే మనిషిలో ఈ మూడూ ఎప్పుడూ ఉంటాయి. తమస్సు బొత్తిగా లేకపోతే రాత్రి నిద్ర పట్టదు. రజస్సు లేకపోతే అన్నం కలిపిన చెయ్యి నోటిదాకా రాదు. సత్వం లేకపోతే తిన్నది అన్నమో మట్టో తెలియదు. భూమి మీద గాని, స్వర్గంలో దేవతల్లో గాని, ఈ మూడు గుణాలూ లేని ప్రాణి లేదని గీత పద్దెనిమిదో అధ్యాయం తేల్చి చెబుతుంది.

కాబట్టి నాలో ఏది ఉంది అని అడగడంలో అర్థం లేదు. ఇప్పుడు ఏది పైచేయిగా ఉంది అని అడగాలి. పద్నాలుగో అధ్యాయం పదో శ్లోకం సరిగ్గా ఈ మాటే చెబుతుంది. ఒక్కోసారి సత్వం మిగతా రెండింటినీ అణచి పైకి వస్తుంది, ఒక్కోసారి రజస్సు, ఒక్కోసారి తమస్సు. అంటే మన లోపల రాజ్యం రోజూ చేతులు మారుతూ ఉంటుంది. ఎవరి పాలన ఎక్కువ కాలం సాగితే ఆ మనిషి అలా తయారవుతాడు.

మరి ఏది ఏలుతోందో గుర్తుపట్టడం ఎలా? ఆ తర్వాతి మూడు శ్లోకాలు ఆనవాళ్లు చెబుతాయి. ఇంద్రియాల ద్వారాలన్నింటిలోనూ తెలివి వెలుగుతూ ఉంటే సత్వం పెరిగిందని అర్థం. అంటే చూసేది చూస్తున్నట్టు, వినేది వింటున్నట్టు ఉండటం. భార్య ఏదో చెబుతూంటే ఆ మాట పూర్తిగా చెవికెక్కడం. నోట్లో ముద్ద రుచి నాలుకకు తెలియడం. రజస్సు పెరిగితే లోభం, ఊరికే ఉండలేకపోవడం, ఒకటి ముగియకముందే ఇంకొకటి మొదలుపెట్టడం, అశాంతి, ఇంకా కావాలనే కోరిక. తమస్సు పెరిగితే మబ్బు కమ్మినట్టుండటం, చేయాల్సిన పనికి చెయ్యి రాకపోవడం, ఏమరుపాటు, మోహం.

ఈ ఆనవాళ్లను ఒక్క సన్నివేశంలో దగ్గరగా చూద్దాం. రాత్రి భోజనాలు అయ్యాయి. పిల్లలు పడుకున్నారు. వంటింట్లో గిన్నెలు సర్దేశారు. పదకొండింటికి మంచం మీద వాలి, ఒక్క ఐదు నిమిషాలు చూద్దామని ఫోను చేతిలోకి తీసుకుంటాం. ఆ మొదటి ఐదు నిమిషాలు రజస్సువి. ఎవరేం పెట్టారు, ఎవరెక్కడికి వెళ్లారు, మన ఫొటోకి ఎంతమంది స్పందించారు అని వేలు పరిగెత్తుతుంది. అరగంట గడిచేసరికి అందులో ఆసక్తి అయిపోతుంది. చూస్తున్నది నచ్చదు, ఆపబుద్ధి కాదు. కళ్లు మండుతుంటాయి, వేలు మాత్రం పైకి తోస్తూనే ఉంటుంది. అక్కడ తమస్సు చేతికి పగ్గాలు వెళ్లిపోయాయి. పన్నెండున్నరకు ఫోను పక్కన పడేసి, ఇంతసేపూ ఏం చూశామని తలుచుకుంటే ఒక్కటీ గుర్తుకు రాదు. ఈ గంటన్నరలో ఒక గుణం ఇంకో గుణానికి రాజ్యం అప్పగించింది. ఆ అప్పగింత జరిగిన క్షణం మనకు తెలియలేదు. తెలిసి ఉంటే ఆ క్షణంలోనే దీపం ఆర్పి పడుకునేవాళ్లం. గమనించడం వల్ల కలిగే లాభం ఇదే.

ఏలుతున్న గుణాన్ని పట్టుకోవడానికి ఇంకో దారి మన పురాణాల్లో ఉంది. విశ్రవసుడికి, కైకసికి పుట్టిన ముగ్గురు అన్నదమ్ముల కథ అందరికీ తెలిసిందే. రావణుడు, కుంభకర్ణుడు, విభీషణుడు. ఒకే తండ్రి, ఒకే తల్లి, ఒకే ఇల్లు. ముగ్గురూ ఘోరమైన తపస్సే చేశారు. బ్రహ్మ ప్రత్యక్షమై ఏం కావాలో కోరుకోమన్నాడు. దేవదానవ యక్షుల చేతుల్లో చావు లేకుండా చేయమన్నాడు రావణుడు. కుంభకర్ణుడి నాలుక మీద సరస్వతి నిలిచి నిద్రను కోరించింది. ఎంతటి ఆపదలోనూ తన మనసు ధర్మాన్ని వదలకుండా ఉండాలన్నాడు విభీషణుడు. రజస్సు, తమస్సు, సత్వం అని పౌరాణికులు ఈ ముగ్గురినీ చూపించి చెబుతుంటారు.

తపస్సులో ముగ్గురికీ తేడా లేదు. తేడా అంతా కోరికలో ఉంది. ఏదైనా అడగవచ్చు అన్నప్పుడు నోట మొదట ఏ మాట వస్తుందో, మనిషిని ఏలేది అదే. మన సంగతి చూసుకుందాం. అనుకోకుండా ఒక పూట సెలవు దొరికింది. మనసు మొదట దేని వైపు వెళ్తుంది? ఇంకాస్త సంపాదించే మార్గం వైపా, పడుకోవడం వైపా, చాలాకాలంగా పలకరించని మనిషి వైపా? ఈ ప్రశ్నకు నిజాయతీగా వచ్చే జవాబు మన జాతకం కంటే ఎక్కువ చెబుతుంది.

ఈ కథలోనే ఇంకో సంగతి కూడా ఉంది. నిద్రకు మారుపేరైన ఆ కుంభకర్ణుడే, లేచిన తర్వాత అన్నగారి ముఖం మీదే, నువ్వు చేసింది తప్పు అని చెబుతాడు. అంతమంది మంత్రుల్లో ఆ మాట అనగలిగినవాళ్లు అరుదు. తమస్సులో నిండా మునిగినవాడిలోనూ సత్వం ఒక్కోసారి అంత స్పష్టంగా మెరుస్తుందన్నమాట. అందుకే మనిషికి ఒక గుణాన్ని ముద్ర వేసి వదిలేయకూడదు. ఇంట్లో ఒక పిల్లవాణ్ని పట్టుకుని "వీడు ఒట్టి సోమరి" అని పదేళ్లపాటు అంటూ పోతే, వాడిలో మెరిసిన మెరుపులు చూడకుండా పోయిన పాపం మనదే అవుతుంది.

గీత పదిహేడో అధ్యాయం ఈ కొలతను మనం రోజూ చేసే పనుల మీదికి తెస్తుంది. తినే తిండి, చేసే యజ్ఞం, తపస్సు, ఇచ్చే దానం, అన్నింటినీ మూడు రకాలుగా చూపిస్తుంది. వీటిలో దానం సంగతి మన తెలుగు జీవితంలో నుంచే చూడవచ్చు.

మన ఊళ్లలో ఏ గుడి మండపంలోకైనా వెళ్లి తల పైకెత్తండి. ఫ్యాను రెక్కల మీద ఎర్రరంగుతో దాత పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాసి ఉంటాయి. మండపంలో కూర్చున్న ముసలమ్మకు గాలి వస్తోంది, సంతోషమే. ఇచ్చినది ఉపయోగపడుతోంది. కాని ఇచ్చిన మనిషి తన లోపలికి చూసుకోవాల్సింది ఒకటుంది. పేరు రాయకపోయినా ఆ ఫ్యాను ఇచ్చి ఉండేవాణ్నా? తిరిగి ఏదో ఆశించి ఇచ్చినా, మనసులో బాధపడుతూ ఇచ్చినా అది రాజసం అంటుంది గీత. వరదలొచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ కట్టుకోని చిరిగిన బట్టలు మూటగట్టి, ఎవరికి పనికొస్తాయో చూడకుండా, వాళ్లకు ఇవే ఎక్కువ అన్నట్టు పడేయడం కూడా మనం చూస్తుంటాం. వేళ చూడకుండా, పాత్రత చూడకుండా, గౌరవం లేకుండా ఇచ్చేది తామసం. ఇవ్వవలసిందని ఇచ్చేది, తిరిగి ఏమీ చేయలేని మనిషికి, తగిన చోట, తగిన వేళ ఇచ్చేది సాత్వికం.

సాత్వికమైన దానం ఎలా ఉంటుందో చూపించడానికి మనకు పురాణాల దాకా వెళ్లక్కర్లేదు. కోనసీమలో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఉండేవారు. 1909లో కన్నుమూశారు. ఏ వేళలో ఎవరొచ్చి తలుపు తట్టినా, ఏ కులమని అడగకుండా, వండి వడ్డించిన తల్లి. ఆమె గురించి గోదావరి జిల్లాల్లో చెప్పుకునే కథ ఒకటుంది. ఎన్నాళ్లనుంచో అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఆమె కోరిక. చివరికి ఒకసారి బయలుదేరారు. దారిలో ఒక కుటుంబం ఆకలితో నడుస్తూ ఎదురైంది. పిల్లలు ఏడుస్తుంటే పెద్దవాళ్లు, ఇంకాసేపట్లో గన్నవరం చేరతాం, సీతమ్మగారు అన్నం పెడతారని ఓదార్చుకుంటున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె యాత్ర మానుకుని వెనక్కి తిరిగారట, వాళ్లకంటే ముందుగా ఇల్లు చేరి పొయ్యి వెలిగించడానికి.

ఈ కథలో గమనించాల్సింది అన్నం పెట్టడం ఒక్కటే కాదు. దైవదర్శనం కూడా కోరికే. అది ఎంత మంచి కోరికైనా, ఎదురుగా ఉన్న ఆకలి ముందు దాన్ని ఏ బాధా లేకుండా పక్కన పెట్టగలిగారు. ఆమె పేరు రాసుకోలేదు. వైనతేయ పాయ మీద గన్నవరం దగ్గర కట్టిన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలు తినే మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తున్నాను. నేను ఈ పూట గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. గుణాలు వేషాలు వేసుకుని వస్తాయి. తమస్సు తరచు సత్వం వేషంలో వస్తుంది. రజస్సు తరచు బాధ్యత వేషంలో వస్తుంది. చేసే పనిని పైనుంచి చూస్తే ఏ గుణం ఏలుతోందో తెలియదు.

అర్జునుణ్నే చూడండి. కురుక్షేత్రంలో రెండు సేనల నడుమ రథం ఆపించి, నాకు రాజ్యం వద్దు, భోగాలు వద్దు, గురువులను చంపడం కంటే బిచ్చమెత్తుకుని బతకడం మేలు అన్నాడు. ఆ మాటలు విడిగా వింటే మహా వైరాగ్యంలా ఉంటాయి. ఒక సన్యాసి నోట వచ్చినా నమ్ముతాం. కాని అప్పుడు అతని ఒళ్లు ఎలా ఉంది? నోరు ఎండిపోతోంది, శరీరం వణుకుతోంది, గాండీవం చేతి నుంచి జారిపోతోంది, చర్మం మండుతోంది, నిలబడలేకపోతున్నాడు, మనసు తిరిగిపోతోంది. ఈ లక్షణాలు తన నోటితో తనే చెప్పాడు. సత్వంలో ఉన్న మనిషి ఇలా వణకడు. కృష్ణుడు మాటలకు మోసపోలేదు, ఆనవాళ్లు చూశాడు. ఇది నీకు తగని దుర్బలత్వం, లే అన్నాడు.

ఆ సంగతికి శాస్త్రం పద్దెనిమిదో అధ్యాయంలో వస్తుంది. చేయవలసిన పనిని మోహం వల్ల వదిలేస్తే అది తామసమైన త్యాగం. కష్టమని, ఒంటికి శ్రమ అని వదిలేస్తే రాజసమైన త్యాగం. పని చేస్తూనే దాని ఫలం మీద పట్టు వదిలితే సాత్వికమైన త్యాగం. గీత ముగిసేసరికి అర్జునుడు, నా మోహం పోయింది, తెలివి తిరిగి వచ్చింది, నువ్వు చెప్పినట్టు చేస్తాను అని లేచి నిలబడ్డాడు. మొదట వద్దన్న పనే ఆఖరున చేయబోతున్నాడు. పని మారలేదు. పని చేసే మనిషి లోపలి స్థితి మారింది. గీతంతా ఆ మార్పు కోసమే.

మన జీవితాల్లో ఈ వేషం ఎలా ఉంటుందంటే, పక్కింటి గొడవలో న్యాయం ఎటుందో తెలిసీ, మనకెందుకులే అని తలుపు వేసుకుని దానికి శాంతం అని పేరు పెడతాం. పిల్లవాడు దారి తప్పుతుంటే ఒక కఠినమైన మాట చెప్పాల్సిన చోట చెప్పలేక, వాడి కర్మ అంటాం. అంతా దైవాధీనం అని చేతులు ముడుచుకుంటాం. వీటిలో ఎన్ని నిజమైన శాంతం నుంచి వచ్చాయో, ఎన్ని బద్ధకం నుంచి, భయం నుంచి వచ్చాయో ఎవరికి వారే చూసుకోవాలి. దానికి గుర్తు ఒకటే. సత్వం తర్వాత మనసు తేటగా ఉంటుంది. తమస్సు తర్వాత బరువుగా ఉంటుంది.

స్వామి వివేకానంద ఈ ప్రమాదాన్ని దేశం మొత్తానికీ ఎత్తి చూపించారు. 1899 జనవరిలో ఉద్బోధన్ అనే బెంగాలీ పత్రిక మొదలైనప్పుడు దానికి ఒక వ్యాసం రాశారు. సత్వం ముసుగు కప్పుకుని దేశం తమస్సులో మునిగిపోతోందని, దాన్నుంచి బయటపడాలంటే ముందు రజస్సు లేవాలని ఆయన వాదం. అన్నం లేని చోట, ఉత్సాహం లేని చోట ధ్యానం గురించి చెప్పి లాభం లేదని ఆయనకు తెలుసు. ఇందులో మనకు పనికొచ్చే సూత్రం ఒకటుంది. తమస్సు నుంచి సత్వానికి నేరుగా దారి లేదు. మధ్యలో రజస్సు ఉంది. మంచం దిగలేని రోజున ధ్యానానికి కూర్చుంటే అది కునుకే అవుతుంది. ఆ రోజు లేచి ఇల్లు ఊడవాలి, మొక్కలకు నీళ్లు పోయాలి, రెండు వీధులు నడిచి రావాలి. ఒంట్లో కదలిక వచ్చాక మనసు ఆ కదలికను నెమ్మదిగా నిలుపుకుంటుంది.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. వారాల తరబడి మనసు చీకటిగా ఉండటం, నిద్ర, తిండి చెడటం, బతుకు మీదే ఆశ పోవడం, ఇది వ్యాధి కావచ్చు. దాన్ని బద్ధకమనో, తామసమనో తిట్టకండి. శాస్త్రం పేరు చెప్పి బాధలో ఉన్నవారిని ఇంకా బాధపెట్టడం పెద్ద తప్పు. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇక రజస్సు వేసే వేషం. ఇది మన కాలానికి బాగా నచ్చిన వేషం. అంతా నా వాళ్ల కోసమే అంటూ తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా పరిగెత్తే మనిషిని మనం మెచ్చుకుంటాం. ఆయన కష్టంలో ప్రేమ లేదనను. కాని ఆ ప్రేమ ఎవరి కోసమో, వాళ్లు ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడు ఆయన చెయ్యి, కన్ను ఎక్కడున్నాయి? కూతురు బడిలో జరిగింది చెబుతుంటే మధ్యలో రెండుసార్లు గడియారం చూస్తే, అక్కడ ఏలుతున్నది ప్రేమ కాదు, పరుగు. ఇలాంటి మనిషికి పదవీ విరమణ వచ్చినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. ఉద్యోగం ఆగిపోతుంది, లోపలి పరుగు ఆగదు. ఇంట్లో కూరగాయలు తరిగే తీరు నుంచి కోడలు బట్టలు ఆరేసే తీరు దాకా అన్నీ ఆయన పర్యవేక్షణ కిందికి వస్తాయి. ఆయన చెడ్డవాడు కాదు. నలభై ఏళ్లు తనను ఏలిన గుణాన్ని ఒక్కసారైనా ముఖాముఖి చూడలేదు, అంతే.

ఏలే గుణాన్ని మార్చుకోవడం మన చేతిలో ఉందా? ఉంది. భాగవతం పదకొండో స్కంధంలో గుణాలను పెంచే కారణాలు పది చెప్పారు. చదివే శాస్త్రం, తాగే నీరు, చుట్టూ ఉండే జనం, ఉండే చోటు, కాలం, చేసే పని, జన్మ, ధ్యానం, మంత్రం, సంస్కారం. ఈ జాబితా చూస్తే ధైర్యం వస్తుంది. పదింటిలో చాలావరకు మనం ఎంచుకోగలిగినవే. ఏం చదవాలి, ఎవరి పక్కన కూర్చోవాలి, ఏ చోట సాయంత్రం గడపాలి, ఏ వేళకు లేవాలి, ఇవన్నీ చిన్న నిర్ణయాలు. చిన్నవి కాబట్టే చేయగలం. సూర్యోదయానికి గంటన్నర ముందు వచ్చే బ్రాహ్మీ ముహూర్తం గురించి మన తాతలు అంత పట్టుబట్టింది ఊరికే కాదు. ఆ వేళ ఊరంతా నిశ్శబ్దంగా ఉంటుంది, ఎవరూ మననుంచి ఏమీ అడగరు. ఆ కాస్సేపు ఎవరికి అప్పగిస్తామో, ఆ రోజు పోకడ చాలావరకు దాన్నిబట్టి ఉంటుంది. లేవగానే ఫోను తెరిస్తే ఆ పూట పాలన ముందే అప్పగించినట్టు.

తిండి సంగతి కూడా గీత వదలలేదు. మితిమీరిన కారం, పులుపు, ఉప్పు రాజసమని, చల్లారి, చవి చెడి, నిలవైపోయినది తామసమని చెప్పింది. ఆయుర్వేదానికీ ఈ ఆలోచనతో చుట్టరికం ఉంది. వాతం, పిత్తం, కఫం ఒంటికి దోషాలైతే, మనసుకు దోషాలు రజస్సు, తమస్సు అని చరకసంహిత చెబుతుంది. సత్వాన్ని దోషాల్లో కలపలేదు. మనుషుల మనస్తత్వాలను ఈ గుణాల లెక్కలో పదహారు రకాలుగా విడదీసింది కూడా, సత్వంలో ఏడు, రజస్సులో ఆరు, తమస్సులో మూడు. సత్వంలోనే ఇన్ని రకాలున్నాయంటే, మంచివాళ్లందరూ ఒకే అచ్చులో ఉండరని ఆ వైద్యులకు తెలుసు.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. సత్వం వైపు వేసే మొదటి అడుగు తియ్యగా ఉండదు. సాత్వికమైన సుఖం మొదట విషంలా, చివర అమృతంలా ఉంటుందంటుంది గీత. రాజసమైనది మొదట అమృతం, చివర విషం. తామసమైనది మొదటా చివరా కూడా మనసును మత్తులోనే ఉంచుతుంది. సంగీతం నేర్చుకునే పిల్ల మొదటి ఏడాది సరళీ స్వరాలతో పడే విసుగు, మందు మానేసిన మనిషి మొదటి నెల పడే యాతన, క్షమాపణ చెప్పడానికి మొదటి మాట పెగలని ఆ క్షణం, ఇవన్నీ ఆ మొదటి విషమే. అది తెలిసి ఉంటే మధ్యలో వదలం.

సత్వం దగ్గరికి చేరితే పని అయిపోయిందా? లేదు. రామకృష్ణ పరమహంస చెప్పిన ముగ్గురు దొంగల కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అడవిలో ఒక బాటసారిని ముగ్గురు దొంగలు పట్టుకుని దోచుకున్నారు. ఒకడు చంపేద్దామన్నాడు. రెండోవాడు వద్దులే, కట్టిపడేద్దామన్నాడు. అలాగే కట్టేసి వెళ్లిపోయారు. కాసేపటికి మూడోవాడు తిరిగొచ్చి కట్లు విప్పి, అడవి దాటించి, అదిగో మీ ఇంటి దారి అని చూపించాడు. మీరూ రండి అంటే, నేను రాలేను, పోలీసులకు తెలిసిపోతుంది అన్నాడు. చంపుదామన్నది తమస్సు, కట్టేసింది రజస్సు, విడిపించింది సత్వం. అయినా మూడోవాడూ దొంగే. సత్వం సుఖం మీద, జ్ఞానం మీద ఆసక్తితో కట్టేస్తుందని గీత కూడా అంటుంది. నేను ప్రశాంతంగా ఉంటాను, నేను ఉల్లిపాయ తినను, నేను నాలుగింటికే లేస్తాను అని మనసులో ఒక గద్దె కట్టుకుని, దాని మీదినుంచి మిగతావాళ్లను చూడటం మొదలైతే ఆ కట్టు బిగిసిందన్నమాట.

మరి మూడింటినీ దాటినవాడు ఎలా ఉంటాడు, ఎలా నడుచుకుంటాడు, ఎలా దాటతాడు అని అర్జునుడు మూడు ప్రశ్నలు ఒక్కసారే అడిగాడు. కృష్ణుడి జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. అతనిలోనూ వెలుగు వస్తుంది, కదలిక వస్తుంది, మోహం కూడా వస్తుంది. వచ్చినప్పుడు ద్వేషించడు, వెళ్లిపోతే మళ్లీ రావాలని కోరడు. గుణాలు వాటి పని అవి చేస్తున్నాయని తెలిసి, చలించకుండా ఉంటాడు. మట్టిబెడ్డ, రాయి, బంగారం అతనికి ఒకటే. పొగడ్త, తిట్టు ఒకటే. దాటే దారి నిశ్చలమైన భక్తి అని చెప్పాడు. అంత ఎత్తుకు మనలో ఎందరం చేరతామో గాని, ఆ దారిలో మొదటి మెట్టు మాత్రం అందరికీ అందుబాటులో ఉంది. లోపల ఏం జరుగుతోందో తిట్టుకోకుండా, మురిసిపోకుండా చూడటమే ఆ మెట్టు. కోపం వచ్చినప్పుడు, ఇదిగో రజస్సు లేచింది అని గుర్తించగలిగితే, ఆ గుర్తించేంత వెలుతురు మనలో ఇంకా ఉందని అర్థం.

కాబట్టి శ్రోతలారా, మీకు నా మనవి ఒకటే. ఈ కొలమానాన్ని మీ అత్తగారి మీద, కోడలి మీద, పై అధికారి మీద ప్రయోగించకండి. మీ మీదే వాడుకోండి. ఇవాళ రాత్రి పడుకునే ముందు ఫోను పక్కన పెట్టి, గడిచిన పగటిని మూడు ముక్కలుగా తలుచుకోండి. పొద్దున నన్ను ఏలింది ఏది, మధ్యాహ్నం ఏది, సాయంత్రం ఏది? జవాబు ఒక కాగితం మీద ఒక్క మాటలో రాయండి. మంచిదైతే పొగుడుకోవద్దు, చెడ్డదైతే కుంగిపోవద్దు. కొన్నాళ్లు ఇలా చేస్తే ఏ మనుషుల మధ్య, ఏ వేళలో, ఏ పనిలో మీరు తేటగా ఉంటున్నారో మీకే కనిపిస్తుంది. ఆ వేళను రోజుకు కాస్త పెంచుకోండి. తమస్సు ఎక్కువగా కనిపిస్తే రేపు ఒక పని మొదలుపెట్టండి. రజస్సు ఎక్కువగా కనిపిస్తే రేపు ఒక పని తగ్గించండి. సత్వం కనిపిస్తే ఆ తేటదనంలో ఇంట్లోవాళ్లకు ఒక మంచి మాట చెప్పండి. మన జీవితానికి మనమే జవాబుదారులం. అది ఎవరి చేతిలో నడుస్తోందో తెలుసుకోవలసిన బాధ్యతా మనదే. ఆ పని ఈ రాత్రే మొదలుపెట్టండి.